నాలుగు సిలిండర్ల పందేనికి నిబంధనలు

మోటారు పందెమనగానే మనలో పలువురికి స్ఫురించేవి లక్షల డాలర్ల ఖరీదు చేసే వాహనాలు, వాటి ఒంటినిండా వ్యాపార సంస్థల పేర్లు, గెలిచినవాని చుట్టూ మూగే ఛాయాగ్రాహకులు. అమెరికాలో ఈ క్రీడకు వేళ్ళు ఉన్నది మాత్రం అటువంటి చోట కాదు. శనివారం పొద్దుగ్రుంకే వేళ ఊరి వెలుపల దీపాలు వెలిగించుకొనే చిన్నచిన్న వలయాలలో ఉన్నది. చుట్టుకొలత ఒక మైలుకు తక్కువైన వలయాన్ని అక్కడివారు షార్ట్ ట్రాక్ అంటారు. అరమైలు, పావుమైలు వలయాలు సర్వసాధారణం.

ఉత్తర కరొలైనా రాష్ట్రంలో విన్‌స్టన్-సేలం నగరాన బౌమన్ గ్రే స్టేడియం అని ఒకటున్నది. అది నిజానికి ఫుట్‌బాల్ మైదానం; ఆ మైదానాన్ని చుట్టి పావుమైలు బాట. 1949లో అక్కడ మొదలైన వారపు పందేలు ఇన్ని దశాబ్దాలుగా సాగుతూ వచ్చినవి. గంటకు 60 మైళ్ళ సగటున పోయే కారు అటువంటి వలయాన్ని 15 సెకండ్లలో చుట్టివస్తుంది. స్టీరింగు ఎడమకు త్రిప్పటం, నిలబెట్టటం, మళ్ళీ త్రిప్పటం - ఇంతే. డ్రైవరుకు ఊపిరి పీల్చుకొనేటంత తిన్నని దారి ఎక్కడా దొరకదు.

ఆ స్టేడియంలో ఒకే రాత్రి పలు తరగతుల పందేలు జరుగుతాయి. అన్నిటికంటె పైది మాడిఫైడ్ తరగతి. అన్నిటికంటె క్రిందిది స్టేడియం స్టాక్ అనే నాలుగు సిలిండర్ల తరగతి. ఇటువంటి తరగతినే ఇతర వలయాలలో మినీ స్టాక్ అనీ, హార్నెట్ అనీ, స్పోర్ట్ కాంపాక్ట్ అనీ పలురకాలుగా పిలుస్తారు. పేరేదైనా కారు జాతి ఒక్కటే. ఒకనాడు ఎవరో ఉద్యోగానికి నడుపుకొంటూ పోయిన చిన్న కారు. రంగు వెలిసి, తలుపులు తుప్పుపట్టి, తుక్కు దొడ్డికి చేరవలసిన సమయంలో ఎవరి కంటనో పడుతుంది. అద్దాలు, సీట్లు ఊడదీసి, లోపల ఇనుప గొట్టాల పంజరం బిగించి, తలుపు మీద ఒక అంకె వ్రాస్తే అది పందెపు కారవుతుంది. నడిపేవారు వారం జీతం మీద బ్రతికే మెకానిక్కులు, తండ్రితో కలిసి పెరటి కొట్టంలో పనిచేసే బడి పిల్లలు, ఒకప్పుడు పై తరగతులలో తిరిగి ఖర్చు భరించలేక దిగివచ్చిన పెద్దమనుషులు.

ఇటువంటి తరగతిని క్రొత్తగా ఎక్కడైనా ప్రారంభించదలచినపుడు మొట్టమొదట లేచేది నిబంధనల వాదం. చలికాలంలో వలయాలు మూతబడి ఉంటాయి; వాదానికి అంతకంటె మంచి అదను లేదు. ఏ కార్లను రానివ్వాలి, ఇంజనును ఎంతవరకు ముట్టుకోనివ్వాలి, ఏ టైర్లు వాడాలి, బరువెంత ఉండాలి - వినటానికివి యంత్రశాస్త్రపు ప్రశ్నలు. లోతుకుపోయి చూస్తే అన్నిటి వెనుకా నిలిచి ఉన్న ప్రశ్న ఒకటే అని మాకు తోస్తుంది: డబ్బున్నవాడు డబ్బుతో గెలుపును కొనుక్కోకుండా ఆపటం ఎలాగు? ఆపలేని తరగతి రెండు మూడేళ్ళలో పలచబడుతుంది. మొదటి యేడు ఇరవై కార్లు వచ్చిన చోట మూడో యేడు ఏడు వస్తాయి. ఆ ఏడింటిలోను రెండిటికే గెలిచే యోగ్యత ఉంటుంది. చూసేవారు లేచి వెళ్ళిపోతారు.

నిబంధన ఎందుకు, దానికి తనిఖీ ఎందుకు అన్నది తెలియటానికి ఒక పాత కథ చెప్పుకోవాలి. నాస్కార్ సంస్థ 1948 ఫిబ్రవరిలో రిజిస్టరు అయింది. మరుసటి యేడు, 1949 జూన్ 19న, షార్లెట్ నగరపు ముప్పావుమైలు మట్టి వలయం మీద ఆ సంస్థ 'స్ట్రిక్ట్‌లీ స్టాక్' అనే క్రొత్త తరగతికి తొలి పందెం జరిపించింది. పేరులోనే నిబంధన ఉన్నది: కారు కర్మాగారం నుండి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, మార్పు పనికిరాదు. గ్లెన్ డనవే అనే డ్రైవరు ఫోర్డు కారులో అందరికంటె ముందు గమ్యం చేరాడు. పందెం ముగిశాక తనిఖీ చేస్తే వెనుక కమానులను మార్చి గట్టిపరచినట్లు తేలింది. ఆ రోజులలో దొంగసారా చేరవేసేవారు బరువుకు కారు క్రుంగకుండా, మలుపులలో ఒరగకుండా చేసుకొనే ఏర్పాటు అది. డనవే విజయం రద్దయింది. కాన్సాస్ నుండి వచ్చి లింకన్ కారు నడిపిన జిమ్ రోపరును విజేతగా ప్రకటించారు. ఫోర్డు యజమాని పదివేల డాలర్లకు దావా వేశాడు. న్యాయస్థానం ఆ దావాను కొట్టివేసింది.

ఈ తీర్పుతో ఒక సంగతి స్థిరపడింది. పందెం నిర్వహించేవానికి నిబంధన వ్రాసే అధికారమూ, తనిఖీ చేసి తీర్పు చెప్పే అధికారమూ ఉన్నవి. అయితే అధికారం ఉన్నంత మాత్రాన నిబంధన మంచిదని అర్థం కాదు. 'స్ట్రిక్ట్‌లీ స్టాక్' అన్న రెండు మాటలు ఎంత సూటిగా ఉన్నవో అంత అస్పష్టంగానూ ఉన్నవి. పాతబడి సడలిన కమానును బాగుచేయించటం మార్పా, మరమ్మతా? పందెంలో విరిగిపోయే చక్రాన్ని బలపరచటం మోసమా, ప్రాణరక్షణా? అందువలన నిబంధనలు వ్రాసేవారు రెండు మార్గాలలో ఒకటి ఎన్నుకోవలసి వస్తుంది. నిషేధించినవి తప్ప అన్నీ చేయవచ్చునన్నది మొదటి మార్గం. అనుమతించినవి తప్ప ఏదీ చేయరాదన్నది రెండవది. మొదటిది తెలివిగలవానికి ఆహ్వానం వంటిది. వాడు రాత్రంతా కూర్చొని, వ్రాయటం మరచిన వాక్యాన్ని వెదుకుతాడు. చవక తరగతికి రెండవదే తగినదని మా అభిప్రాయం. పుస్తకంలో లేనిదానిని ముందుగా అడిగి వ్రాతపూర్వకంగా అనుమతి పొందాలి. ఆ అనుమతి అందరికీ తెలియాలి.

నాలుగు సిలిండర్ల ఇంజను చిన్న వలయాలకు క్రొత్తది కాదు. 1930 ప్రాంతాల కాలిఫోర్నియాలో మిడ్జెట్ కార్లని చిన్న పందెపు బండ్లు బయలుదేరినవి. 1933 నాటికి అవి వ్యవస్థిత క్రీడగా మారినవి. మొదట్లో ఎవరికి దొరికిన ఇంజను వారు తగిలించుకొన్నారు. మోటారు సైకిలు ఇంజనులు, పడవల ఇంజనులు కూడ పరుగెత్తినవి. 1934లో ఫ్రెడ్ ఆఫెన్‌హౌసరు తయారు చేసిన 97 ఘనపుటంగుళాల నాలుగు సిలిండర్ల ఇంజను వచ్చింది. పందేనికనే పుట్టిన ఇంజను అది; తలమీద రెండు కామ్‌షాఫ్టులు. అది ఉన్నవాడు గెలిచాడు, లేనివాడు వెనుకబడ్డాడు. దానిని కొనగలిగినవారు తక్కువ. 1937లో ఫోర్డు కంపెనీ తెచ్చిన చిన్న ఎనిమిది సిలిండర్ల ఇంజను చవకగా దొరికేది గనుక పలువురు దానిని ఆశ్రయించారు. కాని సమానపోటీ కుదరలేదు. యుద్ధానంతరం కాలిఫోర్నియాలో ఆఫెన్‌హౌసరు బండ్లకొక పందెపు వరుస, తక్కినవాటికి వేరొక వరుస పెట్టవలసి వచ్చింది. ఇంటి కొట్టంలో పుట్టిన క్రీడను ఒక్క మేలైన ఇంజను రెండుగా చీల్చింది. ఇంజను తప్పేమీ లేదు. అది అద్భుతమైన యంత్రమే. దానిని ఆపే వాక్యం ఎవరూ వ్రాయలేదు.

ఈనాటి చిన్న కార్ల తరగతికి వస్తే, మొదటి తగవు పాత కార్లకూ క్రొత్త కార్లకూ మధ్య వస్తుంది. ఫోర్డు కంపెనీ 1971 నుండి 1980 నమూనా వరకు పింటో అనే చిన్న కారును అమ్మింది. 1974లో ఒహాయో రాష్ట్రం లైమా పట్టణపు కర్మాగారంలో 2300 సి.సి. ఇంజను తయారీ మొదలై, అది పింటోకూ, ముస్టాంగుకూ, తరువాత రేంజరు ట్రక్కుకూ చేరి 1997 వరకు సాగింది. ఇనుప దిమ్మ, ఇనుప తల, సిలిండరుకు రెండేసి వాల్వులు, వెనుక చక్రాలకు శక్తి. మొరటుది, గట్టిది, చేతి పనిముట్లతో విప్పి మళ్ళీ బిగించుకోవచ్చు. ఒక తరం చిన్న వలయపు డ్రైవర్లు దీని మీదనే చేయి తిప్పుకొన్నారు. కాని పింటోలు ఇక తుక్కు దొడ్లలో దొరకవు. ఉన్నవారు వాటిని విడువరు. క్రొత్తవారికి అవి అందవు.

మరొక పక్షం జపాను కార్లది. హోండా కంపెనీ 1989లో ఇంటెగ్రా కారులో ఒక క్రొత్త ఏర్పాటు ప్రవేశపెట్టింది. ఇంజను వేగం పెరిగినపుడు వాల్వులు తెరుచుకొనే ఎత్తు, కాలము తమంతట మారుతాయి. దాని పేరు వీటెక్. ఆ 1600 సి.సి. ఇంజను 160 హార్సుపవరు ఇచ్చేది. 2300 సి.సి. ఫోర్డు ఇంజను కర్మాగారం నుండి వచ్చినపుడు ఇచ్చేది సుమారు 90. ఇక్కడ సిలిండర్ల లెక్క ఒకటే. ఘనపరిమాణం చూస్తే హోండాయే చిన్నది. శక్తి చూస్తే అది దాదాపు రెట్టింపు.

చవక తరగతుల్లో తరచు వినబడే సూత్రమొకటున్నది: సి.సి.కి ఒక పౌను బరువు. పెద్ద ఇంజను ఉన్నవాడు ఎక్కువ బరువు మోయాలి, అందువలన సమానత కలుగుతుందని ఊహ. ఇప్పుడు లెక్క వేసి చూడండి. ఫోర్డు కారు 2300 పౌన్లు, అనగా సుమారు 1043 కిలోలు ఉండాలి. హోండా 1600 పౌన్లు, 726 కిలోలు ఉంటే చాలు. రెట్టింపు శక్తి గలవానికి మూడు వందల కిలోల రాయితీ! ఆ కారును అంత తేలిక చేయటం సాధ్యం కాకపోవచ్చు. సాధ్యమైనంత చేసినా తక్కినవారి పని అయిపోయినట్లే. సూత్రం పుట్టిన కాలానికి అన్ని ఇంజనులూ ఇంచుమించు ఒకే తీరువి గనుక అది పనిచేసింది. క్రొత్తగా నిబంధన వ్రాసేవారు సి.సి.తో బాటు వాల్వుల సంఖ్యనూ, కామ్‌షాఫ్టుల సంఖ్యనూ, వాల్వుల కదలిక మారే ఏర్పాటునూ లెక్కలోకి తీసికోవాలి. లేదా ఆ చివరి ఏర్పాటు ఉన్న కార్లను మొదటి రెండేళ్ళూ అసలు రానివ్వకూడదు. మాకు ఈ రెండవ పద్ధతి నచ్చుతుంది. హోండా అభిమానులు ఒప్పుకోరని తెలుసు. వారికి మామూలు సివిక్కులు ఉండనే ఉన్నవి.

దీనికి తోడు ముందు చక్రాల, వెనుక చక్రాల తగవు. వలయం మీద కారు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది గనుక బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. ముందు చక్రాలకు శక్తి వెళ్ళే కారులో కుడివైపు ముందు టైరు గతి దారుణం: కారును త్రిప్పేది అదే, లాగేది అదే, ఒరిగిన బరువును మోసేదీ అదే. పదిహేను చుట్లలో అది వేడెక్కి పట్టు తప్పితే కారు మలుపులో తిరుగక గోడవైపు సాగుతుంది. వెనుక చక్రాల కారుకు ఈ బాధ తక్కువ. అందుచేత పొట్టి పందెంలో ముందు చక్రాల కారుకు మొగ్గు, పొడుగు పందెంలో వెనుక చక్రాల కారుకు మొగ్గు వస్తుంది. పందెం ఎన్ని చుట్లన్నది కూడ నిబంధనే. వాదించేవారు దీనిని తరచు మరచిపోతారు.

ఇక అసలు చిక్కు తనిఖీ. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఒక సంగతి తెలుసు. అక్కడ ఎడ్లను పళ్ళ లెక్కను బట్టి తరగతులుగా విభజిస్తారు: రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి. పరీక్షించేవాడు నోరు తెరిచి చూస్తాడు. చుట్టూ ఉన్నవారూ చూస్తారు. తగవు అక్కడితో తెగుతుంది. ఇంజను నోరు అంత సులభంగా తెరుచుకోదు. కామ్‌షాఫ్టు మార్చాడా లేదా అని చూడాలంటే సగం ఇంజను విప్పాలి. రాత్రి పదకొండు గంటలకు, పొద్దుటి నుండి నిలబడి ఉన్న తనిఖీదారు, మరునాడు పనికి పోవలసిన యజమాని ఎదుట, ఆ పని ఎన్ని శనివారాలు చేయగలడు?

అందుకే పరోక్ష పరీక్షలు పుట్టినవి. ఇంజను నెమ్మదిగా తిరిగేటపుడు గాలి వెళ్ళే గొట్టంలో ఒక శూన్యం ఏర్పడుతుంది. పందెపు కామ్‌షాఫ్టు వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది గనుక ఈ శూన్యం తగ్గుతుంది. కొద్ది డాలర్లకు దొరికే వాక్యూము గేజిని గొట్టానికి తగిలించి, ఇంజనును నిమిషానికి వెయ్యి చుట్లు త్రిప్పి, ముల్లు ఇన్ని అంగుళాల పాదరసం చూపాలని నిబంధన పెడితే ఇంజను విప్పనక్కరలేదు. రెండు నిమిషాల పని. ఇందులోనూ ఒక మెలిక ఉన్నది. ఊరు ఎత్తున ఉన్నకొద్దీ ముల్లు క్రిందికి దిగుతుంది. వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం. సముద్రతీరపు వలయం నిబంధనను 5280 అడుగుల ఎత్తున ఉన్న డెన్వరులో మక్కికి మక్కి వ్రాసుకొంటే నిర్దోషమైన కార్లన్నీ దోషులవుతాయి. పొరుగు వలయం పుస్తకాన్ని ఎత్తి వ్రాసుకోవటం ఈ రంగంలో సామాన్యమైన అలవాటు. అంకె ఎక్కడ పుట్టిందో కనుక్కోకుండా వ్రాసుకొంటే వచ్చే చిక్కు ఇది.

ఇంజనుకు సీలు వేయటం మరొక ఉపాయం. 1992లో షార్లెట్‌లో లెజెండ్స్ కార్లని ఒక తరగతి ప్రారంభించారు. 1930, 40ల నాటి కార్ల ఆకారాన్ని ఎనిమిదింట అయిదో వంతుకు కుదించిన బండ్లవి. వాటిలో యమహా మోటారు సైకిలుకు చెందిన నాలుగు సిలిండర్ల ఇంజను బిగించి, సీలు వేసి ఇచ్చారు. సీలు చెదిరితే పందెం లేదు. పద్ధతి పారింది; ఆ తరగతి అనేక దేశాలకు వ్యాపించింది. కాని దానిలో కారును కంపెనీ దగ్గరనే కొనాలి, విడి భాగాలూ అక్కడివే. తుక్కు దొడ్డిలో నూరు డాలర్లకు దొరికిన ఇంజనుతో వద్దామనుకొనే కుర్రవానికి ఆ తలుపు మూసి ఉంటుంది. పది రకాల పాత కార్లు కలిసే తరగతిలో సీలు పద్ధతి నడవదు.

అన్నిటికంటె వాడిగా వాదం జరిగేది క్లెయిము నిబంధన మీద. గుర్రప్పందేలు ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. పందెం ముగిశాక, వెనుకబడిన పోటీదారు ముందుగా నిర్ణయించిన ధర చెల్లించి గెలిచినవాని ఇంజనును తీసికొని పోవచ్చు. గెలిచినవాడు కాదనరాదు, కాదంటే బహుమతి పోతుంది, పాయింట్లు పోతాయి. ధర 500 డాలర్లనుకొందాం. మూడు వేలు పోసి ఇంజను చేయించినవాడు ఏ శనివారమైనా అయిదు వందలకు దానిని పోగొట్టుకోవచ్చు. కాబట్టి చేయించడు. తనిఖీదారు విప్పి చూడనక్కరలేదు. భయమే కాపలా కాస్తుంది. 1915లో పుట్టిన ఐ.ఎం.సి.ఎ. అనే సంస్థను 1978లో కీత్ నాక్ అనే పత్రికాధిపతి కొన్నాడు. మరుసటి యేడు అయోవా రాష్ట్రంలో మాడిఫైడ్ అనే చవక తరగతిని ప్రారంభించి, ఈ క్లెయిమునే దానికి వెన్నెముక చేశాడు. అవి ఎనిమిది సిలిండర్ల కార్లు. అయినా ఆలోచన చిన్న కార్లకూ వర్తిస్తుంది. ఆ తరగతి మధ్య అమెరికా మట్టి వలయాల మీద ఎంతగా వ్యాపించిందో చూస్తే ఆలోచనలో సత్తువ ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

ప్రతిపక్షం మాటా వినాలి. ఒక కుర్రవాడు చలికాలమంతా రాత్రులు మేలుకొని, డబ్బు పెట్టక, ఒట్టి ఓపికతో ఇంజనును పొందికగా కూర్చాడు. నిబంధన ఒక్కటీ మీరలేదు. మొదటిసారి గెలిచిన రాత్రే దానిని ఎవరో ఎత్తుకుపోయారు. వాని చేతిలో మిగిలినది అయిదు వందల డాలర్లు, ఇంజను లేని కారు. వాని శ్రమకు ఖరీదెవరు కట్టారు? మరొకటి: క్లెయిము పగతీర్చుకొనే సాధనమవుతుంది. మలుపులో తనను గుద్దినవాని ఇంజనును, అక్కరలేకపోయినా, కొనేవారుంటారు. ఇంకొకటి: స్నేహితులు నలుగురు ఒకరి ఇంజను ఒకరు ముట్టుకోమని ఒప్పందం చేసుకొంటే భయం కాస్తా ఎగిరిపోతుంది. వీటిలో మొదటి ఆక్షేపణ మమ్మల్ని కదిలించింది. తక్కినవాటికి మందున్నది: ఆ రాత్రి గెలిచినవానితో సమానంగా చుట్లు పూర్తిచేసినవారికే హక్కు ఇవ్వవచ్చు, ఒక ఋతువులో ఒకరికి ఒక్క క్లెయిమే అని కట్టడి చేయవచ్చు. మొదటిదానికి సగం మందు మార్పిడి పద్ధతి. డబ్బుతో బాటు తన ఇంజనును కూడ విప్పి ఇచ్చి అవతలివానిది తీసికోవాలి. అప్పుడు ఆ కుర్రవాడు వచ్చే శనివారం కనీసం వలయం మీదికి రాగలడు. వాని చేతిపని తిరిగి రాదు. చేయి మాత్రం వానితోనే ఉంటుంది, మరొకటి కూర్చుకొంటాడు. క్లెయిము ఉండాలనే మేము అంటాము.

ధరను మొత్తం కారుకే కట్టిన వారూ ఉన్నారు. 2006లో జే లామ్ అనే ఆయన కాలిఫోర్నియాలో ప్రారంభించిన 'ట్వెంటీఫోర్ అవర్స్ ఆఫ్ లెమన్స్' పందెంలో కారు ఖరీదు 500 డాలర్లు మించరాదు. అది వలయపు పందెం కాదు. గంటల తరబడి సాగే హాస్యరస ప్రధానమైన పందెం. అయినా అందులో నేర్చుకొనదగినదొకటున్నది. ఖరీదు మించిందని న్యాయనిర్ణేతలకు తోస్తే రసీదుల మీద వాదం పెట్టుకోరు. కొన్ని చుట్లు శిక్షగా తగ్గిస్తారు. అంతకంటె ముఖ్యం, ప్రాణరక్షణ సామగ్రి ఆ 500లో లెక్కకు రాదు.

ఈ చివరి మాటను ఏ క్రొత్త తరగతివారైనా తమ పుస్తకం మొదటి పుటలో వ్రాసుకోవాలి. చవకదనం పేరిట ఎక్కడైనా తగ్గించవచ్చు గాని ఇక్కడ కాదు. చిన్న కారు గదా, నెమ్మదిగా పోతుంది గదా అని పలువురు అంటారు. అరవై మైళ్ళ వేగంతో సిమెంటు గోడను తాకిన కారుకు ఎన్ని సిలిండర్లున్నవో గోడకు తెలియదు. పైగా ఇది పిల్లలు మొదట అడుగుపెట్టే తరగతి. 2001 ఫిబ్రవరి 18న డేటోనా వలయంలో, చివరి చుట్టులో, ఆ క్రీడకంతకూ మేటి అయిన డేల్ ఎర్న్‌హార్ట్ గోడను తాకి మరణించాడు. దేహాన్ని బెల్టు పట్టి ఉంచుతుంది, తల మాత్రం ముందుకు విసరబడుతుంది. పుర్రె అడుగుభాగం చిట్లుతుంది. దీనిని నివారించే మెడ పట్టీని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బంధువైన పందెగాడు జిమ్ డౌనింగ్ 1980ల ప్రారంభంలోనే రూపొందించారు. అది మెడకు ఇబ్బందని డ్రైవర్లు దానిని తోసిపుచ్చుతూ వచ్చారు. 2001 అక్టోబరులో నాస్కార్ దానిని తన పెద్ద తరగతులలో తప్పనిసరి చేసింది. శనివారపు చిన్న వలయాలలో ఈ కట్టడి అంతటా ఒకే తీరుగా లేదు. పట్టీ ఖరీదు కొన్ని వందల డాలర్లు - కారు ఖరీదుకు సమానం. అందుకే ప్రక్కన పెడతారు. ఖర్చు తగ్గించాలని నిజంగా కోరే నిర్వాహకుడు ప్రవేశ రుసుము తగ్గించాలి. పట్టీలు కొన్ని తానే కొని అద్దెకివ్వాలి. డ్రైవరు తలుపుకు ఇనుప పలక, కిటికీకి వల, పెట్రోలు తొట్టి చుట్టూ రక్షణ - వీటి విషయంలో రాజీ పనికిరాదు.

టైర్ల మాట క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మెత్తని టైరు బాగా పట్టుతుంది, త్వరగా అరుగుతుంది; వారానికి నాలుగు కొనగలిగినవాడు వారానికి ఒకటి కొనేవానిని ఓడిస్తాడు. అమెరికాలో మామూలు కార్ల టైరు ప్రక్కభాగం మీద అరుగుదల ఓర్పును సూచించే అంకె అచ్చువేసి ఉంటుంది. ఆ అంకె ఇంతకు తక్కువ ఉండరాదని ఒక్క వాక్యం వ్రాస్తే చాలు. దీపం పట్టుకొని ఎవరైనా చదవవచ్చు.

మిగిలినది కాలనియమం. ఋతువు మధ్యలో నిబంధన మార్చకూడదు. ఒకడు మూడు వారాలు వరుసగా గెలిచాడని వాని కారుకు నూరు పౌన్లు కలపమని గగ్గోలు పుట్టటం పరిపాటి. వాడు మోసం చేయలేదని తనిఖీలో తేలితే ఆ గగ్గోలును శరత్కాలం వరకు ఆపగల గుండె నిర్వాహకునికి ఉండాలి. మార్పులు ప్రకటించవలసినది కార్లు కట్టుకోవటం మొదలుకాకముందు, చివరి పందెం జరిగిన నెలలోపల. గెలిచినవానిని వెనుకవరుసలో నిలిపి మరుసటి వారపు పందెం ప్రారంభించవచ్చు. అది శిక్ష కాదు, చూసేవారికి వేడుక, వానికి పరీక్ష.

పందెం ముగిసిన తరువాత మొదటి మూడు కార్లను తనిఖీ కొట్టంలోకి తోలినపుడు తలుపులు మూయవద్దని మా సూచన. ఓడినవారూ, వారి మెకానిక్కులూ, కుతూహలం గల పిల్లలూ త్రాడు ఇవతల నిలబడి చూడవచ్చు. వాక్యూము గేజి ముల్లు ఎక్కడ ఆగిందో తనిఖీదారు బిగ్గరగా చదవాలి. ఆ అంకె గోడమీది పలకపై సుద్దతో వ్రాసి, మరుసటి శనివారం వరకు చెరపకుండా ఉంచాలి.